నాయకుడు కాని మహానటుడు – ఎస్.వి. రంగారావు



2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. మీరు అలాంటి ఇంట్లో పుట్టినవారైతే, ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు ఎవరని మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. తడుముకోకుండా “ఎస్వీ రంగారావు” అంటారు. ఆయన ఆ సినిమాలో కథానాయకుడు కాదు. మరి అందరికీ ఎలా గుర్తుండిపోయారు?

కథానాయకుడు కాకపోయినా కథకు బలాన్నిచ్చే తండ్రి, మాంత్రికుడు, ప్రతినాయకుడు వంటి పాత్రలు ధరించేవారిని గుణచిత్ర నటులు అంటాం. రంగారావు ఆ కోవలోని మేటి. ఆయన 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించారు. కాకినాడలో బి.ఎస్సి. చదివారు. కొంతకాలం అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేశారు. నాటకాల మీద మక్కువతో ఆ ఉద్యోగం వదిలి ‘వరూధిని’ చిత్రంలో ప్రవరాఖ్యుడిగా నటించారు. అంటే మొదటి వేషం నాయకుడిదే! ఆ చిత్రం పరాజయం పాలైంది. అవకాశాలు రాక జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా సంస్థలో ఉద్యోగంలో చేరారు.

కథ అక్కడే ముగిసిపోవలసింది. కాని ఆయన తిరిగి వచ్చి చిన్న వేషాలకు సిద్ధపడ్డారు. 1950లో ‘షావుకారు’లో సున్నం రంగడు అనే రౌడీగా, 1951లో ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడిగా కనిపించారు. మాంత్రికుడి వేషం వేసేనాటికి ఆయన వయస్సు 32 సంవత్సరాలే. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో ఆయన పెద్దమనిషి తరహా జమీందారు, ఎన్.టి. రామారావు ఆయన దగ్గర పనిచేసే కుర్ర ఉపాధ్యాయుడు. నిజానికి ఇద్దరి మధ్య తేడా ఐదేళ్ళ లోపే! ఆ పెద్దరికం వయస్సు ఇచ్చినది కాదు, నటన ఇచ్చినది.

ఇప్పుడు మూడు పౌరాణిక పాత్రలను పోల్చి చూద్దాం. ఘటోత్కచుడు (1957), ‘నర్తనశాల’లో కీచకుడు (1963), ‘భక్త ప్రహ్లాద’లో హిరణ్యకశిపుడు (1967) – ముగ్గురూ మహాబలులే. విగ్రహం ఒకటే, గొంతు ఒకటే. అయినా మొదటివాడిలో పసివాడి సంబరం, రెండవవాడిలో కామంతో కలిసిన గర్వం, మూడవవాడిలో కొడుకుపై ప్రేమకూ పంతానికీ మధ్య నలిగే తండ్రి కనిపిస్తారు. కీచక పాత్రకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి లభించింది. మీ నికోబార్‌కు దక్షిణాన ఉన్న ఇండోనేషియాలో, తెలుగు తెలియని న్యాయనిర్ణేతలు ఒక ప్రతినాయక పాత్రకు ఇచ్చిన గౌరవమది.

రంగారావు 1974 జూలై 18న మద్రాసులో మరణించారు. అప్పటికి ఆయనకు 56 ఏళ్ళే.

చివరగా ఒక చిన్న ప్రయోగం. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించే ఘట్టాన్ని శబ్దం ఆపి చూడండి. తెరపై ఉన్నది సావిత్రి. కాని ఆ నడక, ఆ చూపు, ఆ రొమ్ము విరుపు ఎవరివి? తెరపై లేని నటుడు కూడా మీకు కనిపిస్తాడు. జట్టులో, నాటకంలో, ప్రయోగశాలలో మీకు ముందు వరుస దక్కనప్పుడు ఆ ఘట్టాన్ని గుర్తు చేసుకోండి. పాత్ర చిన్నదైనంత మాత్రాన పని చిన్నది కాదు.