ప్లాస్టిక్‌ను మెత్తబరిచే నూనెలు: ప్రత్తి గింజకు చోటెంత?

ప్రత్తిపాడు: పేరులోనే ప్రత్తి ఉన్న ఈ ప్రాంతంలో దూది బేరం ముగిశాక మిగిలేది గింజ బేరం. గింజ ఆడిస్తే నూనె వంటకూ, చెక్క పశువుల మేతకూ పోతాయి. ప్లాస్టిక్ పరిశ్రమ కూడా శాకతైలాలను కొంటున్నది. ఈ కొత్త గిరాకీ మన గింజ ధరను లేపగలదా అన్నది వర్తకులు లెక్క చూసుకోవలసిన విషయం.

ఏ సరుకుకు కావాలి?

పి.వి.సి. స్వతహాగా గట్టి పదార్థం. బోరు పైపులు గట్టిగానే ఉండాలి కనుక వాటిలో మెత్తబరిచే నూనె కలపరు. మిర్చి కళ్ళాల్లో వాడే పాలిథిన్ పట్టాలకూ దానితో పని లేదు. కరెంటు తీగల తొడుగులు, మెత్తని నీటి గొట్టాలు, రెగ్జిన్, చెప్పుల అడుగులు వంటి వాటికి మాత్రం 100 కిలోల పి.వి.సి.కి సుమారు 40 నుంచి 60 కిలోల దాకా 'ప్లాస్టిసైజర్' అనే ఈ ద్రవం కలుపుతారు.

ఇందులో చిరకాలంగా చెలామణిలో ఉన్నది డి.ఓ.పి. ఇది ముడిచమురు సంతతి. దీని తయారీకి కావలసిన ఆల్కహాలును విశాఖపట్నంలోని ఆంధ్ర పెట్రోకెమికల్స్ ఉత్పత్తి చేస్తున్నది. అయితే ఆరోగ్యరీత్యా డి.ఓ.పి.పై ఆంక్షలు పెరిగాయి. పిల్లల బొమ్మల్లో ఇది 0.1 శాతానికి మించరాదని యూరప్ దేశాలు 2005లోనూ, అమెరికా 2008లోనూ శాసనం చేశాయి. మన దేశంలో బొమ్మల నాణ్యతా ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. శాకతైలాల వైపు చూపు మళ్ళడానికి ఇదొక ముఖ్య కారణం.

సోయాదే పైచేయి

మిల్లు నూనెను నేరుగా పి.వి.సి.లో కలిపితే ఇమడదు; కొన్నాళ్ళకు చెమటలా పైకి తేలుతుంది. అందుకే శుద్ధి చేసిన నూనెను హైడ్రోజన్ పెరాక్సైడు, ఎసిటిక్ లేక ఫార్మిక్ ఆమ్లాలతో మార్చి 'ఎపాక్సీ' నూనె చేస్తారు. ఈ మార్పు ఎంత బాగా జరిగేదీ నూనె అయొడిన్ విలువను బట్టి ఉంటుంది. సోయా నూనెకు ఈ విలువ సుమారు 120 నుంచి 140; ప్రత్తి గింజల నూనెకు 100 నుంచి 115. కనుక సోయాదే పైచేయి. ప్రత్తి నూనెతోనూ ఈ సరుకు చేయవచ్చు గాని అది ఒక మెట్టు కిందనే నిలుస్తుంది.

ఎపాక్సీ నూనె డి.ఓ.పి. స్థానాన్ని మొత్తంగా ఆక్రమించలేదన్నది కూడా గమనించాలి. సాధారణంగా 100 కిలోల పి.వి.సి.కి 3 నుంచి 5 కిలోలే వేస్తారు. వేడికి ప్లాస్టిక్ చెడకుండా కాపాడడం దీని మరో పని. మోతాదు బాగా మించితే ఇదీ పైకి తేలుతుంది. 100 కిలోలకు 50 కిలోల ద్రవం పట్టే చోట మన వాటా 5 కిలోలంటే, గిరాకీ ఏ పాటిదో వేరే చెప్పనక్కరలేదు.

పచ్చళ్ళ వ్యాపారులకూ ఇందులో సంబంధమున్నది. గాజు సీసాల ఇనుప మూతల లోపలి మెత్తని అంచులో ఎపాక్సీ సోయా నూనె వాడతారు. నూనె పదార్థం తగిలితే అది కొంత సరుకులోకి దిగుతుంది. యూరప్ నిబంధనల ప్రకారం కిలో ఆహారంలో ఇది 60 మిల్లీగ్రాములు మించరాదు. ఆవకాయ, గోంగూర ఎగుమతిదారులు మూత కొనేటప్పుడే ఈ సంగతి విచారించుకోవడం మేలు.

ఆముదం దారి వేరు. ఆముదంతో చేసిన ప్లాస్టిసైజర్‌ను డెన్మార్క్‌కు చెందిన డానిస్కో కంపెనీ మార్కెట్‌లోకి తెచ్చింది. అది ముఖ్య ప్లాస్టిసైజర్‌గానే పనిచేస్తుంది గాని ఖరీదెక్కువ. ఆముదం పంటలో, వర్తకంలో గుజరాత్‌దే అగ్రస్థానం.

రెండు త్రాసులు

డి.ఓ.పి. ధర ముడిచమురు వెంట నడిస్తే, ఎపాక్సీ నూనె ధర వంట నూనెల వెంట నడుస్తుంది. మన దేశం వంట నూనెల అవసరంలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్నది. ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెలపై మూల సుంకాన్ని కేంద్రం 2024 సెప్టెంబరులో 20 శాతం చేసి, 2025 మే నెలాఖరున 10 శాతానికి దించింది. ఇటువంటి ఒక్క ఉత్తర్వుతో ప్లాస్టిక్ కర్మాగారం బేరం తారుమారవుతుంది. నూనె ప్రియమైతే అది డి.ఓ.పి. వైపే తిరుగుతుంది. వంటింటి గిరాకీ మాత్రం అంత తేలికగా పక్కకు తప్పుకోదు.

మనకు మిగిలిన దారి

ప్రత్తి నూనె శుద్ధిలో దిగే సోప్‌స్టాక్ విషయం వేరు. అది వంటకు పనికిరాదు కనుక వంటింటితో పోటీ లేదు. దాని నుంచి ఫాటీ ఆమ్లాలు తీయవచ్చు. గుంటూరు సమీపాన డోకిపర్రులోని జోసిల్ కంపెనీ ఫాటీ ఆమ్లాలు, స్టియరిక్ ఆమ్లం తయారు చేస్తున్నది. స్టియరిక్ ఆమ్లం, దాని లవణాలు పి.వి.సి. తయారీలో జారుడుకూ, నిలకడకూ వాడుకలో ఉన్నవే.

ఏ దారికైనా మొదటి షరతు గింజ నాణ్యత. తడి గింజను కుప్ప పోస్తే వేడెక్కి నూనెలో ఆమ్లం పెరుగుతుంది, రంగు చెడుతుంది. శుద్ధిలో తరుగు హెచ్చుతుంది. అటువంటి నూనెకు వంటింట్లోనూ, రసాయన కర్మాగారంలోనూ ధర పలకదు. ప్లాస్టిక్ గిరాకీని నమ్ముకుని గింజ నిలవ పెట్టడం లాభసాటి కాదు. ఆరిన గింజను వేరు చేసి, తేమ చూసి, వేళకు మిల్లుకు చేర్చినవారికి కొనేది ఎవరైనా నాలుగు రూపాయలు ఎక్కువే దక్కుతాయి.