బాస్ ఫైట్‌లో బోరు బండి

మా ఫ్రెండ్ చేస్తున్న గేమ్‌లో ఐదో లెవెల్ బాస్ ఎవరో తెలుసా? బోరు బండి. మన పొలాల్లో రాత్రంతా గురగురమంటూ నిలబడే ఆ లారీనే. పైన ఇనుప టవర్, కింద నేలలోకి దిగే రాడ్లు, చుట్టూ తెల్లటి దుమ్ము. మన చిన్న విమానం దాన్ని కాలుస్తూ ఉంటే అది మన మీదకి రాడ్లు విసురుతుంది.

"దీనికి మ్యూజిక్ నువ్వే మామా" అన్నాడు వాడు.

ఇద్దరం అనంతపురంలో ఇంజినీరింగ్ కలిసి చదివాం. వాడిప్పుడు బెంగళూరులో ఉన్నాడు. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లోనే ఉన్నా. పగలు ఒక బ్యాంకింగ్ యాప్‌లో బగ్స్ సరిచేస్తా. రాత్రి తొమ్మిది దాటాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని షూటర్ గేమ్‌కి పాటలు కడతా. మిగతా లెవెల్స్‌కి చకచకా చేసేశా. ఐదో లెవెల్ దగ్గరే చెయ్యి ఆడలేదు. ఎందుకంటే మా ఇంట్లో బోరు బండి అంటే నిజంగానే బాస్ ఫైట్. మా నాయన ఐదు బోర్లు వేయించాడు. నాలుగింట్లో దుమ్మే. ఈ సంగతి మా వాడికి అప్పటికి తెలీదు.

ముందు రెట్రో అంటే ఏంటో చెప్తా. చిన్నప్పుడు టీవీకి తగిలించి క్యాసెట్ గుచ్చి ఆడిన వీడియో గేమ్ గుర్తుందా? కాంట్రా, గెలాగా, ట్యాంకులు. మన దగ్గర అమ్మినవి చాలావరకు జపాన్ కంపెనీ నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకళ్లు. ఆ మెషిన్‌లో ఒకేసారి పలికేవి ఐదు గొంతులే. ట్యూన్‌కి రెండు పల్స్ ఛానెల్స్, బేస్‌కి ఒక ట్రయాంగిల్, డ్రమ్స్‌కీ పేలుళ్లకీ ఒక నాయిస్, రికార్డ్ చేసిన చిన్న ముక్కలు వినిపించడానికి ఒక శాంపిల్ ఛానెల్. అంతే. ట్రయాంగిల్‌కైతే వాల్యూమ్ తగ్గించే వీలు కూడా లేదు. ఉంటే ఫుల్లు, లేకపోతే నిల్లు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. గన్ పేలిన సౌండ్ కూడా ఈ ఐదింట్లోంచే రావాలి. అంటే మనం కాల్చిన ప్రతిసారీ పాటలోంచి ఒక వాయిద్యం కాసేపు మాయమవుతుంది. షూటర్‌లో కాల్చకుండా ఉండేదెప్పుడు? అందుకే అప్పటి కంపోజర్లు ఏ ఛానెల్ పోయినా ట్యూన్ నిలబడేలా రాసుకునేవాళ్లు. మా గేమ్ నడిచేది మామూలు కంప్యూటర్‌లో, గోడో అనే ఫ్రీ ఇంజిన్ మీద. వంద వాయిద్యాలు పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. అయినా పాటకి ఐదు గొంతులే అని రూల్ పెట్టుకున్నాం. గన్ సౌండ్స్ మాత్రం విడిగా ఉంచాం. నిజం చెప్పాలంటే కొంచెం చీటింగే.

మొదటిసారి నేను కట్టిన బాస్ ట్యూన్ ఆ రూల్‌కి ముందుది. షూటర్ అనగానే నా బుర్రలో మోగేది డూమ్. 1993 డిసెంబర్‌లో వచ్చిన ఆ గేమ్‌కి మ్యూజిక్ చేసిన బాబీ ప్రిన్స్ అంతకుముందు లాయర్. సౌండ్ కార్డులో తొమ్మిది గొంతులున్న కాలంలో మెటల్ బ్యాండ్ దిగినంత గోల పుట్టించాడు. నేనూ అదే దారిలో నాలుగు గిటార్లు, డబుల్ బేస్ డ్రమ్ పేర్చి, మూడు రాత్రులు కూర్చుని పంపించా.

మా వాడి రిప్లై: "సూపర్ మామా. కానీ మ్యూట్ చేసి ఆడుతున్నా."

ఒళ్లు మండింది. వీడియో కాల్ పెట్టి వాడు ఆడుతుంటే చూశా. వాడు చెప్పింది నిజమే. గిటార్ మోగే చోటే గన్ సౌండ్ కూడా మోగుతోంది. రెండూ కలిసి మిక్సీ వేసినట్టుంది. వెనక నుంచి రాడ్ వస్తున్న చప్పుడు అసలు వినపడదు. 2016లో కొత్త డూమ్ చేసినప్పుడు కంపోజర్ మిక్ గోర్డన్‌కి మొదట పెట్టిన కండిషనే గిటార్ వాడొద్దని. ఆయన సింథసైజర్లతో మొదలుపెట్టి, గిటార్‌ని తర్వాత మెల్లగా లోపలికి తెచ్చాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసి కూడా చేశా.

అప్పుడు ఇంకా వెనక్కి వెళ్లి స్పేస్ ఇన్వేడర్స్ పెట్టుకుని ఆడా. 1978, టైటో కంపెనీ, తోమోహిరో నిషికాడో. దాంట్లో మ్యూజిక్ అంటే నాలుగు లావు స్వరాలు. ఢం, ఢం, ఢం, ఢం. దిగుతూ మళ్లీ మొదటికి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు స్పీడ్ అవుతారు. గీయాల్సిన బొమ్మలు తగ్గడంతో ఆ మెషిన్ ఇంకా త్వరగా పని చేసేది, అదే గేమ్‌లో భాగమైపోయింది. వాళ్లతో పాటు ఆ నాలుగు స్వరాలూ స్పీడ్ అవుతాయి. స్క్రీన్ చూడకుండానే ప్రమాదం ఎంత దగ్గరకొచ్చిందో చెవికి తెలిసిపోతుంది. నేను కట్టిన గిటార్ల గోలలో లేనిది ఇదే. అది ఆటగాడికి ఏ వార్తా చెప్పడం లేదు.

చప్పుడు విని వార్త తెలుసుకోవడం అంటే నాకు గుర్తొచ్చేది మా పొలం. నాలుగో బోరప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా జిల్లాలో ఏడాదంతా కలిపి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అదీ శెనక్కాయ పూతకొచ్చినప్పుడు మొహం చాటేస్తుంది. అందుకే బోర్లు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింట్ చూసే ఆయన వచ్చి వెళ్లాడు. బండి టైరు కింద నిమ్మకాయలు పెట్టారు, కర్పూరం వెలిగించారు. సాయంత్రం మొదలైన బండి తెల్లారిందాకా ఆగలేదు. నాయన దగ్గరికి వెళ్లి చూడలేదు. దూరంగా గట్టు మీద కూర్చుని విన్నాడు. అమ్మ ఇంట్లో నుంచి వింది. నేను మంచం మీద పడుకుని విన్నా. రాడ్డు మార్చడానికి బండి ఆగినప్పుడల్లా ఊరంతా నిశ్శబ్దం. మళ్లీ మొదలయ్యేది. అడుగుకి ఇంత అని రేటు, కాబట్టి ఆ చప్పుడు సాగినంతసేపూ అప్పు పెరుగుతున్నట్టే. పొద్దున అమ్మ చేతికి ఒక్క గాజు కూడా లేదు.

దీన్ని తీసుకెళ్లి ఆటలో పెట్టొచ్చా? రెండు వారాలు తేల్చుకోలేకపోయా. మధ్యలో వేరే దారులు వెతికా. మన జిల్లాకి పేరున్న ఉరుముల వాద్యం ట్రై చేశా. డోలు లాంటిదే, కానీ ఒకవైపు చర్మాన్ని పుల్లతో రుద్దితే మేఘం మూలిగినట్టు వస్తుంది. ఆ మూలుగంతా సాగదీతలో ఉంది. ముక్క కోస్తే చచ్చిపోతుంది. వదిలేశా.

రాగాల వైపూ వెళ్లా. ఇది మాత్రం పనికొచ్చింది. 1982లోనే చరణ్‌జిత్ సింగ్ అనే బొంబాయి సెషన్ మ్యుజీషియన్ రోలాండ్ మెషిన్ల మీద పది రాగాలకి డిస్కో బీట్ వేసి ఆల్బమ్ చేశాడు. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో మళ్లీ విడుదలయ్యాక, యాసిడ్ హౌస్ పుట్టకముందే ఇలా ఎలా చేశాడని బయటి దేశాలవాళ్లు నోరెళ్లబెట్టారు. యూట్యూబ్‌లో ఉంది, వినండి. మెషిన్‌కి రాగం నప్పదన్న నా భయం దాంతో పోయింది. నేను పట్టుకున్నది మాయామాళవగౌళ. సంగీతం క్లాసులో మొదటిరోజు పిల్లలు పాడే సరళీ స్వరాలు అందులోనే ఉంటాయి. అవే స్వరాలు గమకాలు తీసేసి, పల్స్ ఛానెల్‌లో 150 బీపీఎంలో కొడితే వెన్నులో చలి పుడుతుంది. స రి మధ్య ఆ ఇరుకుదనమే కారణం. మా పక్కింటి పాప విని "ఇది మా టీచర్ పాటే కదన్నా, ఎందుకిట్ల భయంగా ఉండాది?" అంది.

కంపోజ్ చేయడానికి వాడింది ఫ్యామీట్రాకర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్. చూడ్డానికి ఎక్సెల్ షీట్‌లా ఉంటుంది. ఐదు కాలమ్స్, పైనుంచి కిందకి వరసలు, ఒక్కో గడిలో ఒక స్వరం, పక్కన ఎఫెక్ట్ నంబర్. 4 కొడితే స్వరం వణుకుతుంది, 3 కొడితే ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారుతుంది, 0 కొడితే మూడు స్వరాలు సెకనుకు అరవైసార్లు మారుతూ ఒకే కార్డ్‌లా వినిపిస్తాయి. ఆ బురబురమనే పాత గేమ్ సౌండ్ రహస్యం అదే. కోడ్ రాసేవాళ్లకి పియానో కన్నా ఇదే సుఖం.

ట్యూన్ దొరికింది. బండి మాత్రం దొరకలేదు. ఎంత నాయిస్ ఛానెల్ తిప్పినా గాలి వీచినట్టు ఉందే తప్ప రాయిని పొడిచినట్టు లేదు. చివరికి పక్క ఊళ్లో ఎవరో బోరు వేయిస్తున్నారంటే ఫోన్ పట్టుకుని వెళ్లా. దగ్గరగా పెడితే ఫోన్ మైక్ తట్టుకోలేక సౌండ్ పగిలిపోయింది. వంద అడుగులు వెనక్కొచ్చి, ట్రాక్టర్ చాటున పెట్టి నలభై నిమిషాలు రికార్డ్ చేశా. ఇంటికొచ్చి ఆ పాత చిప్ శాంపిల్ ఛానెల్ లెక్క చూస్తే ఒక్కో శాంపిల్‌కి గరిష్ఠం 4,081 బైట్లు. మంచి క్వాలిటీలో పెడితే సెకను కూడా నిండదు. నలభై నిమిషాల్లోంచి ఏ సెకను తీయాలి?

కోసి కోసి, ఆరు ముక్కలు పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ స్పీకర్లోనే వింటున్నా. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం మర్చిపోయా. వెనక నాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏందిరా ఆ సద్దు?"

అబద్ధం చెప్దామనుకున్నా. రాలేదు. గేమ్ ఓపెన్ చేసి బండిని చూపించా. స్క్రీన్ మీద అది రాడ్లు విసురుతుంటే కాసేపు చూశాడు. నాకు గుండె దడదడ. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మూడోది తీసెయ్. అది మట్టిలో ఉన్నెప్పటి సద్దు. రాయి తగిల్తే ఇట్లుండదు. తిరిగి కొడ్తాది." ఐదో ముక్క విని "ఇదిగో, ఇది రాయి" అన్నాడు. ఆఖరిది రెండుసార్లు వేయించుకున్నాడు. "వాళ్లకి పడిందిరా నీళ్లు. దుమ్ము ఆగిపొయ్యేటప్పుడు ఇట్లనే మెత్తగయితాది."

నేను అడగలేదు ఆ రైతుకి నీళ్లు పడ్డాయో లేదో. మర్నాడు ఫోన్ చేసి కనుక్కున్నా. పడ్డాయి.

అలా నాయన చెప్పిన వరసలోనే బాస్ ట్రాక్ తయారైంది. బండి ఆరోగ్యం నిండుగా ఉన్నప్పుడు మట్టి శాంపిల్, ట్యూన్ ఒక్క పల్స్‌లో. అరవై శాతానికి తగ్గితే రాయి శాంపిల్, రెండో పల్స్ కలుస్తుంది. పాతికకి దిగితే మెత్తటి ముక్క, బేస్ తప్ప మిగతావి తప్పుకుంటాయి. మూడు పొరలూ మొదటి నుంచీ కలిసే నడుస్తుంటాయి, మేం వాల్యూమ్ మాత్రమే తెరిచి మూస్తాం. 150 బీపీఎంలో ఒక బార్ 1.6 సెకన్లు. బార్ పూర్తయ్యాకే మారాలని కోడ్ రాశాం కాబట్టి ఎక్కడా తాళం తప్పదు.

రాడ్డు మార్చే గ్యాప్ కూడా పెట్టా. పదహారు బార్లకి, అంటే 25.6 సెకన్లకి ఒకసారి, చివరి బార్ మొత్తం నిశ్శబ్దం. ఇది నా ఐడియానే. టెస్టింగ్‌కి ఇచ్చిన నలుగురు ఫ్రెండ్స్‌లో ముగ్గురు ఆ నిశ్శబ్దంలో కాల్చడం ఆపేశారు. ఎందుకు ఆపారంటే చెప్పలేకపోయారు. ఈసారి ఎవరూ మ్యూట్ చేయలేదు.

ఇంక మిగిలింది బాస్ చచ్చాక ఏమవ్వాలి అనేది. అప్పటికి మా వాడికి కథంతా చెప్పేశా. కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత "బండి పేలిపోగానే నీళ్లు పైకి చిమ్మేలా పెడదాం మామా, మీ నాయన కోసం" అన్నాడు. నాకూ నచ్చింది. రాత్రి అన్నం తింటుంటే నాయనకి చెప్పా.

"అందరికీ పడ్తాయా?" అన్నాడు.

"గెలిచినోళ్లందరికీ, నాయనా."

తల అడ్డంగా ఊపాడు. "అట్ల యాడైనా ఉంటాదా? ఐదింట్లో ఒకసారి పెట్టుపో. సాలు."

మా వాడు నవ్వి, అలాగే కోడ్ మార్చాడు. ఇప్పుడు ఐదో లెవెల్‌కి రెండు ముగింపు ట్యూన్లు ఉన్నాయి. నీళ్లది ఒక పూటలో అయిపోయింది, ఎనిమిది బార్లు, ఐదు గొంతులూ కలిసి. దుమ్ముది మాత్రం ఇంకా తేలలేదు. ఒక్క ట్రయాంగిల్ ఛానెలే, నాలుగు స్వరాలు. వాల్యూమ్ తగ్గించడానికి వీల్లేదు కాబట్టి ఎక్కడ ఆపాలన్నదే సమస్య. ఇప్పటికి పదకొండు వెర్షన్లు పంపా.