అహము, ఆధారము, తెరచిన మనస్సు: హైదరాబాదు వైద్య చరిత్ర నుండి రెండు ఉదాహరణలు

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చదువుకొనుటకు జిల్లాల నుండి వచ్చి హాస్టళ్ళలో ఉండే యౌవనస్థులు చాలామంది. వారిలో కొందరు ఆదివారము మా ఆరాధనకు వస్తుంటారు. ఒక ఆదివారము ప్రసంగములో మేము, “సైన్సు ఈ రోజు ఒకటి చెబుతుంది, రేపు మరొకటి చెబుతుంది, దానిని నమ్మలేము” అన్నాము. ఆరాధన ముగిశాక ఒక విద్యార్థి దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, నిన్న చెప్పింది తప్పని ఈ రోజు ఒప్పుకోవడం లోపమా?” అని అడిగాడు. సమాధానము తోచక, “ప్రార్థన చేసుకో బాబూ” అని పంపివేశాము. తరువాత రెండు వారములు అతడు కనబడలేదు. ఆ ప్రశ్నకు ఇవ్వవలసిన జవాబును వెదకినప్పుడు, అది మన ఊరి చరిత్రలోనే కనబడింది.

1. దోమను వెదకిన వైద్యుడు

అమీర్‌పేటకు దగ్గరలోనే, బేగంపేటలో, సర్ రోనాల్డ్ రాస్ పేరిట ఒక పాత భవనమున్నది. పంజాగుట్ట నుండి సికిందరాబాదు వెళ్ళే మనలో అనేకులు దానిని గమనించకుండానే దాటిపోతాము. రాస్ సైనిక వైద్యుడు. ఫ్రెంచి వైద్యుడు లావెరన్ 1880లో మలేరియా రోగి రక్తములో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నాడు. రాస్ చాలాకాలము దానిని నమ్మలేదు. తాను వెదకినా కనబడలేదు గనుక అది లేదనుకున్నాడు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ సూక్ష్మదర్శినిలో దానిని చూపించగా, రాస్ తన అభిప్రాయమును మార్చుకున్నాడు.

మాన్సన్‌కు మరొక ఊహ ఉండేది. దోమలు నీళ్ళలో పడి చనిపోతాయనీ, ఆ నీరు త్రాగినవారికి మలేరియా వస్తుందనీ అతడు తలంచాడు. రాస్ దీనినీ పరీక్షించి చూశాడు. అది ఋజువు కాలేదు. 1895 నుండి అతడు వందలాది దోమలను కోసి పరీక్షించాడు. అవి వేరే జాతి దోమలు గనుక వాటిలో ఏమియు కనబడలేదు. చివరకు రెక్కలపై మచ్చలున్న దోమలు దొరికాయి. హుస్సేన్ ఖాన్ అను రోగిని దోమలచేత కుట్టించి, ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1897 ఆగష్టు 20న అట్టి దోమ కడుపు గోడలో, నల్లని రేణువులతో కూడిన కణములను చూశాడు. తాను చూసినది ఇతరులు కూడా చూడవలెనని నమూనాలను పంపాడు.

ఇంతవరకు ఇది తెరచిన మనస్సుయొక్క కథ. అయితే మిగిలిన భాగము వేరు. 1898లో ఇటలీలో గ్రాస్సీ, అతని సహచరులు మనుష్యుల మలేరియాను అనాఫిలిస్ దోమలు వ్యాపింపజేస్తాయని నిరూపించారు. ఎవరు ముందు అను తగవు మొదలైంది. 1902లో నోబెల్ బహుమానము రాస్ ఒక్కనికే దక్కినా అతని కోపము చల్లారలేదు. తనకు దారి చూపిన మాన్సన్‌తో కూడా పోట్లాడుకున్నాడు. సూక్ష్మదర్శిని ముందు తలవంచిన మనిషి, తోటివారి ముందు తలవంచలేకపోయాడు.

2. నాడిని చూడవద్దన్న వైద్యుడు

రెండవ ఉదాహరణ నిజాం కాలపు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ. ఆ రోజులలో శస్త్రచికిత్సకు మత్తుగా క్లోరోఫారము ఇచ్చేవారు. కొందరు రోగులు హఠాత్తుగా మరణించేవారు. ముందు ఆగేది శ్వాసయా, గుండెయా అనునది వివాదము. శ్వాసే అని లారీ గట్టిగా నమ్మి, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, నాడి చూడనవసరము లేదని బోధించాడు. 1888లో అతడు హైదరాబాదులో జరిపిన పరీక్షలు అదే తేల్చాయి. లండనులోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వము 1000 పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్‌ను పిలిపించింది. గుండె ఆగవచ్చునని నమ్మి వచ్చిన బ్రంటన్, 1889లో వందలాది జంతువులపై పరీక్షలు చేసి, తన అభిప్రాయము తప్పని ఒప్పుకున్నాడు.

ఎంత మంచి ఉదాహరణ! కానీ 1911లో లెవీ అను వైద్యుడు పిల్లులపై చేసిన పరీక్షలలో, మత్తు లోతుగా లేనప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగగలదని తేలింది. అనగా వినయముతో మనస్సు మార్చుకున్న బ్రంటన్ కూడా పూర్తి సత్యమును చేరలేదు. నాడి చూడనవసరము లేదన్న బోధ ప్రాణములకు ముప్పు తెచ్చేది.

3. మనము గ్రహించవలసినది

విజ్ఞానశాస్త్రజ్ఞులు మనకంటే నిగర్వులు కారు. రాస్‌లోను లారీలోను అహము నిండుగా ఉన్నది. మంచి మనస్సు ఒక్కటే చాలదని బ్రంటన్ చూపించాడు. సత్యమును కాపాడినది వ్యక్తుల సద్గుణము కాదు, వారి పద్ధతి. చూసినది వ్రాసి ప్రకటించాలి. ఎలా చూశామో చెప్పాలి. విరోధి కూడా తిరిగి పరీక్షించగలగాలి. ఈ మూడు ఉండుటచేతనే ఇరవై రెండు సంవత్సరముల తరువాతనైనా పొరపాటు బయటపడింది. మార్పు బలహీనత కాదు, ఆ పద్ధతి పని చేయుచున్నదనుటకు గుర్తు.

మరి మన మాట సంగతి? పులిపీఠము నుండి మనము చెప్పినదానిని సంఘములో ఎవరు ప్రశ్నించగలరు? రోగము గురించి, మందుల గురించి, టీకాల గురించి మనము అలవోకగా అన్న మాటను నమ్మి ఎవరైనా మందు మానివేస్తే, దానిని సరిదిద్దేది ఎవరు? గొప్ప వక్తయైన అపొల్లో, డేరాలు కుట్టే దంపతులైన అకుల, ప్రిస్కిల్లలు ఇంటికి పిలిచి మరింత పూర్తిగా వివరిస్తే విన్నాడు. ఆ వినికిడి వలన అతని సేవ తగ్గలేదు.

మూడవ ఆదివారము ఆ విద్యార్థి వచ్చాడు. ఆ రోజు ప్రసంగమునకు ముందు, మేము వెనుక చెప్పిన మాట సరికాదని సంఘము ఎదుట చెప్పాము. చెప్పుటకు కష్టమైంది. ఆరాధన తరువాత అతడు ఏమియు అనలేదు, మరొక ప్రశ్న మాత్రము అడిగాడు. ఈసారి మేము, “మాకు తెలియదు, కలిసి చదువుదాము” అన్నాము.