కమలా ఖాన్: ఒక బొమ్మల కథానాయిక జీవితమూ, ఆత్మస్వరూపమూ

మానవుడు తనకు లేని శక్తిని తాను కల్పించిన పాత్రలకు ప్రసాదించి సంతోషించడం అనాదిగా వస్తున్న ఆచారం. సముద్రాన్ని లంఘించిన ఆంజనేయుని గాథను మనం విన్నాము. భేతాళుని భుజాన వేసుకొని నడిచిన విక్రమార్కుని బొమ్మను 'చందమామ' పుటలలో చూచాము. ఉర్దూ తెలిసిన ఇండ్లలో పెద్దలు అమీర్ హమ్జా దాస్తానును రాత్రుల తరబడి చెప్పుకొన్నారు. ఈ కథలన్నిటిలోనూ పైకి కనిపించేది బలపరాక్రమమే అయినా, లోపల దాగియున్న ప్రశ్న వేరు. ఇంత శక్తి గల ఈ వ్యక్తి ఎవరు? ఎవరి బిడ్డ? ఏ పేరుతో పిలిస్తే పలుకుతాడు? ఈ ప్రశ్నకు మన కాలపు బొమ్మల కథలు, అనగా కామిక్ పుస్తకాలు, చెప్పిన సమాధానాన్ని కమలా ఖాన్ అనే పాత్ర ద్వారా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బొమ్మలతో వీరుని కథ చెప్పే విద్య అమెరికాలో పుట్టిందని భావించనవసరం లేదు. మన జగ్గయ్యపేట బౌద్ధస్తూపంలో దొరికిన ఒక సున్నపురాతి ఫలకం ఇప్పుడు చెన్నపట్నం ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. సుమారు రెండువేల ఏండ్ల నాటిది. జేమ్స్ బర్జెస్ దొర అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలను గురించి 1887లో ప్రకటించిన గ్రంథం వలన లోకానికి తెలిసినది. అందులో ఒక చక్రవర్తి చేయి పైకెత్తి నిలిచి ఉంటాడు. మేఘముల నుండి నాణెములు వర్షిస్తూ ఉంటాయి. చుట్టూ చక్రము, ఏనుగు, గుఱ్ఱము మొదలైన సప్తరత్నములు ఉంటాయి. ఇతడు మాంధాత అని పండితులు చెప్పుతారు. జాతక కథలో మాంధాత చేయి తాకించినంతనే రత్నవర్షం కురుస్తుంది. అతడు స్వర్గానికి పోయి ఇంద్రునితో సగము రాజ్యం ఏలుతాడు. అదీ చాలక ఇంద్రుని చంపి మొత్తం రాజ్యం తానే తీసుకోవాలని తలుస్తాడు. ఆ ఆశతోనే వృద్ధుడై భూమి మీద పడి మరణిస్తాడు. అతని బలం తగ్గినందువలన ఈ పతనం కలుగలేదు. తాను మనిషినన్న సంగతి మరచినందువలన కలిగినది.

ఇక ఆధునిక కాలానికి వస్తే, అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు సూపర్‌మాన్ అనే వీరుని సృష్టించారు. 1938 జూన్ తేదీతో వెలువడిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో అతడు లోకానికి పరిచయమయ్యాడు. ఆ పాత్రపై హక్కులను వారు విక్రయించినది 130 డాలర్లకు మాత్రమే! ఇద్దరూ వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. వారి వీరుడు కూడ వలస వచ్చినవాడే. నశించిపోయిన క్రిప్టన్ గ్రహం నుండి పసికందుగా భూమికి చేరుతాడు. కన్నవారు పెట్టిన పేరు కాల్-ఎల్. పెంచినవారు పెట్టిన పేరు క్లార్క్ కెంట్. కండ్లజోడు పెట్టుకొని, బెరుకుగా మాట్లాడుతూ పత్రికాఫీసులో పని చేస్తాడు. ఆపద వచ్చినప్పుడు ఆ వేషం విప్పుతాడు. పరాయి దేశంలో అల్పసంఖ్యాకునిగా బ్రతికే మనిషి తన అసలు స్వరూపాన్ని దాచుకొని, నలుగురిలో ఒకడుగా కనిపించాలని పడే తాపత్రయం ఆ కండ్లజోడులో ఉన్నదని ఎందరో విమర్శకులు భావించారు. ఆ భావన నిరాధారమైనది కాదు.

సూపర్‌మాన్‌ను తెలుగువారు తమ పద్ధతిలో తమవానిని చేసుకొన్నారు. 1980లో నందమూరి తారక రామారావు గారు 'సూపర్‌మాన్' అనే తెలుగు చిత్రంలో నటించారు. అందులో కథానాయకుని శక్తికి మూలం మరొక గ్రహం కాదు, ఆంజనేయుని అనుగ్రహం. పూర్వం కృష్ణాజిల్లా మెట్టసీమగా పేరొందిన మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు 2022 ఏప్రిల్ నుండి ఆ నటుని పేరు గల జిల్లాలోనే చేరడం కాలవైచిత్ర్యం. 2024లో ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో వచ్చిన 'హనుమాన్' చిత్రం కూడ ఆ మార్గంలోనిదే. అందులోని ప్రతినాయకునికి చిన్నతనం నుండి మహావీరుడు కావాలని కోరిక. మహావీరులందరూ తల్లిదండ్రులు లేనివారే గనుక, తన తల్లిదండ్రులను తానే చంపుకొంటాడు. భయంకరమైన ఈ తర్కం ఒక యథార్థాన్ని ఎత్తి చూపుతున్నది. సూపర్‌మాన్, బాట్‌మాన్, స్పైడర్‌మాన్, వీరందరూ అనాథలు. ఇల్లు, వంశము, భాష, అమ్మ చేతి వంట, ఇవేవీ వీరునికి అడ్డు రాకూడదని ఆ రచయితలు అనుకొన్నట్లు కనిపిస్తుంది.

ఈ సంప్రదాయాన్ని మార్చినది కమలా ఖాన్. మార్వెల్ సంస్థ పుస్తకాలలో ఈ పాత్ర 2013లో తొలిసారి కనిపించినది. 2014 ఫిబ్రవరిలో 'మిస్ మార్వెల్' అనే స్వంత పత్రిక మొదలైనది. పాకిస్తాన్ నుండి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన సంపాదకురాలు సనా అమానత్, ఇస్లాం స్వీకరించిన అమెరికన్ రచయిత్రి జి. విల్లో విల్సన్, చిత్రకారుడు ఏడ్రియన్ ఆల్ఫోనా దీనికి రూపకర్తలలో ముఖ్యులు. మార్వెల్ పుస్తకాలలో స్వంత పత్రిక పొందిన తొలి ముస్లిం కథానాయిక ఈమెయే. తొలి సంపుటానికి 2015లో హ్యూగో బహుమానం లభించినది.

కమల పదునారేండ్ల బాలిక. నివాసం న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీ. హడ్సన్ నదికి ఆవలి ఒడ్డున న్యూయార్క్ కనిపిస్తూ ఉంటుంది. మహావీరులందరూ ఆవలి ఒడ్డువారే. ఈవలి ఒడ్డున ఉండేది సామాన్య జనం. ఆ రాష్ట్రంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడ అసంఖ్యాకంగా ఉన్నవి గనుక ఆ వీధులు మనవారికి అపరిచితములు కావు. తండ్రి యూసుఫ్ బ్యాంకు ఉద్యోగి. తల్లి మునీబా. అన్న ఆమిర్ నమాజు తప్పని భక్తుడు. ఒక స్నేహితురాలు హిజాబ్ ధరిస్తుంది, కమల ధరించదు. ఇంటిలో ఒక ఆచారం, బడిలో మరొక ఆచారం. బడిలో కొందరు తోటివారు ఆమె ఇంటి తిండిని, కట్టుబాట్లను తియ్యని మాటలతోనే ఎగతాళి చేస్తారు. అటువంటి ఎగతాళి నొప్పి అనుభవించినవారికే తెలుస్తుంది.

ఒక రాత్రి కమల పెద్దల మాట కాదని ఒక విందుకు పోతుంది. అక్కడ అవమానం పొంది ఒంటరిగా ఇంటికి మరలుతుండగా నగరాన్ని ఒక వింత పొగమంచు కమ్ముతుంది. ఆ మంచులో ఆమెకు తాను ఆరాధించే కెప్టెన్ మార్వెల్ దర్శనమిస్తుంది. ఆ బంగారు జుత్తు శ్వేతవనిత నోట వెలువడేది అమీర్ ఖుస్రో వసంతగీతం! మన ఉర్దూ విద్యార్థులు ఈ విషయం గమనింపదగినది. ఆ బాలిక ఊహలో దేవత సైతం అమ్మ ఇంటి భాషలోనే మాట్లాడుతున్నది. అయినను వరం కోరుకొనే వేళ ఆమె కోరినది తన రూపాన్ని కాదు, కెప్టెన్ మార్వెల్ రూపాన్ని. కోరిక నెరవేరినది. కండ్లు తెరచి చూచుకొంటే తెల్లని చర్మం, పసుపుపచ్చని జుత్తు. అప్పుడు ఆమెకు కలిగినది ఆనందం కాదు, ఊపిరాడని ఇబ్బంది.

ఆమెకు లభించిన శక్తి మన పురాణాలు చెప్పిన అణిమ, మహిమ సిద్ధులను పోలినది. దేహాన్ని చీమంత చేయగలదు, కొండంత చేయగలదు, ఇతరుల రూపం ధరించగలదు. ఆ రాత్రే తనను ఎగతాళి చేసిన ఒక బాలిక నీటిలో పడి మునుగుతుంటే, కమల తన చేతిని పెద్దది చేసి ఆమెను పైకి తీస్తుంది. ఆ క్షణంలో ఆమెకు తట్టినది ఒక ప్రాణాన్ని కాపాడడం ఎంత గొప్పదో చెప్పే ఖురాన్ వాక్యం. పగవానికి ఉపకారం చేయమని మన శతకాలు చెప్పినదీ ఈ ధర్మమే.

ఈ కథలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన ఘట్టం మరొకటి ఉన్నది. కమల కెప్టెన్ మార్వెల్ రూపంలో ఉండగా ఒక దుకాణంలో తుపాకి గుండు తగులుతుంది. ఆమె తన స్వంత రూపానికి రాగానే గాయం మానిపోతుంది. ఇతరుల రూపంలో ఉన్నంతకాలం గాయం మానదు, తాను తానుగా ఉన్నప్పుడే మానుతుంది. రచయిత్రి దీనిని ఉపదేశంగా చెప్పలేదు. ఆ శక్తి యొక్క నియమంగా మాత్రమే చెప్పి ఊరుకొన్నది. అందువలననే అది మనసుకు హత్తుకొంటుంది. తరువాత కమల ముస్లిం స్త్రీలు ఈతకు ధరించే బుర్కినీ అనే దుస్తును కత్తిరించి తన వీరవేషం తానే కుట్టుకొంటుంది. ముఖాన చిన్న ముసుగు ఉంటుంది గాని, చర్మవర్ణం మాత్రం తనదే.

ఇక ఆమె పేరు. తెలుగువారికి కమల అనగా తామరపువ్వు, లక్ష్మీదేవి. మన ఊళ్ళలో ఆ పేరు గలవారు హిందువుల ఇండ్లలో కనిపిస్తారు. కథలో తండ్రి ఆ పేరును అరబ్బీలోని 'కమాల్' శబ్దంతో ముడిపెట్టి, ఆ మాటకు పరిపూర్ణత అని అర్థమనీ, మరొకరి మెప్పు కొరకు నీవు మరొకరివి కానవసరం లేదనీ కూతురికి చెప్పుతాడు. ఉర్దూ వాడుకలో 'కమాల్' అనగా అద్భుతం అని కూడ అర్థం ఉన్నది. 'మార్వెల్' అనే ఆంగ్లపదానికి అర్థమూ అదే. అనగా ఆమె ఏ బిరుదు కోసం అంగలార్చినదో, ఆ బిరుదు పుట్టినప్పటి నుండి ఆమె పేరులోనే ఉన్నది.

అనాథలైన పూర్వవీరులకు ఈమెకు ప్రధానమైన భేదం ఇల్లు. తల్లిదండ్రులు ఆమెకు అడ్డుగోడగా కనిపిస్తారు గాని, వాస్తవానికి ఆధారస్తంభాలు. మసీదులోని షేక్ అబ్దుల్లా వద్దకు ఆమెను పంపినప్పుడు ఆయన కోపించడు. చేస్తున్న పని విడువలేకపోతే ధైర్యము, నిజాయితీ, దయ, ఆత్మగౌరవము కలిగి చేయమనీ, తగిన గురువును వెదుకుకోమనీ హితవు చెప్పుతాడు. 2015 నాటి కథలో లోకానికే ముప్పు వచ్చినప్పుడు కమల తన రహస్యాన్ని తల్లికి చెప్పబోతే, తనకు అది ముందే తెలుసునని తల్లి అంటుంది. క్లార్క్ కెంట్ కండ్లజోడు లోకాన్ని మోసగించినది గాని, అమ్మను మోసగించే ముసుగు లేదన్నమాట.

ఈ పాత్ర పుస్తకాలలోనే నిలిచిపోలేదు. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర బస్సులపై ఇస్లాం వ్యతిరేక ప్రకటనలు వెలసినప్పుడు, ఎవరో వాటిపై కమలా ఖాన్ బొమ్మలను అంటించారు. 2022లో ఇమాన్ వెల్లాని నటించిన ధారావాహికలో 1947 నాటి దేశవిభజన రైలు దృశ్యాన్ని చూపి, ముత్తవ్వ చేతి కంకణం నుండి మనుమరాలికి శక్తి వచ్చినట్లు చిత్రించారు. అయితే ఇది వ్యాపారసంస్థ సొత్తు అని కూడ మనం మరువరాదు. 2023లో స్పైడర్‌మాన్ పత్రికలో ఆమెను చంపి, కొద్ది నెలలలోనే తిరిగి బ్రతికించారు. బొమ్మల కథలో మరణం సైతం అమ్మకానికి ఉపకరణమే.

ఈ కథలో మనకేమి పని అని విద్యార్థినీ విద్యార్థులు అడగవచ్చును. కమల తల్లిదండ్రులు వలస వచ్చినవారు. మన తాత ముత్తాతలు ఈ మున్నేటి ఒడ్డునే పుట్టి, ఈ మెట్టపొలాలనే దున్ని, ఈ నేలలోనే నిద్రిస్తున్నారు. అయినను, "మీకు తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చినది?" అనే ప్రశ్నను మన బాలికలు నేటికీ వింటున్నారు. హైదరాబాదు చుట్టాల ఇంటికి పోతే, "మీ ఉర్దూలో సగం తెలుగే గదా" అని నవ్వేవారు ఉన్నారు. రెండు చోట్లా పరాయివారమన్న దిగులుతో కొందరు ఒక భాషను దాచుకొంటారు, కొందరు పేరును కుదించుకొంటారు. ఇది క్లార్క్ కెంట్ కండ్లజోడే. పెట్టుకోవడం సులభం గాని, దాని వెనుక గాయం మానదు.

మన ప్రాంతం చరిత్ర అటువంటి దాపరికాన్ని నేర్పలేదు. జగ్గయ్యపేటకే పూర్వనామం బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టగా ఈ పేరు వచ్చినది. పాత పేరు పోలేదు, కొత్త పేరుకు కొరత రాలేదు. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మ్రొక్కుకొని పుట్టిన బిడ్డకు సైదులు అని పేరు పెట్టుకొన్న హిందూ కుటుంబాలు ఈ చుట్టుపట్ల ఎన్నో ఉన్నవి. మస్తాన్ అనే పేరుకు రావు చేర్చినవారూ, అమ్మ చేర్చినవారూ కలరు. పిఠాపురంలో ఉమర్ అలీషా కవి తెలుగు పద్యం చెప్పినప్పుడు ఏ ముసుగూ వేసుకోలేదు. ఉమర్ ఖయ్యామును తెలుగు చేసినప్పుడు రెండు భాషలూ ఆయనకు స్వంతమే.

మాంధాత తానెవరో మరచి పడిపోయినాడు. సూపర్‌మాన్ తానెవరో దాచి బ్రతికినాడు. కమల పరుల రూపాన్ని కోరి, పొంది, విడిచి, తన రూపంలోనే నలుగురికి పనికి వచ్చినది. ఈ మూడు మార్గాలలో మూడవదే శ్రేయస్కరమని నా అభిప్రాయం. జెర్సీ సిటీ బాలికకు బొమ్మల కథ ఉన్నది. నందిగామ బస్సు దిగి, చేతిలో ఉర్దూ వాచకమూ తెలుగు నిఘంటువూ పట్టుకొని కళాశాలకు నడిచి వచ్చే బాలికకు ఇంకను లేదు. దానిని వ్రాయవలసినవారు, గీయవలసినవారు ఎక్కడి నుండో రారు. మీలోని వారే ఆ కలాన్నీ కుంచెనూ చేపట్టెదరు గాక.