ఇనుప చానలులో మర బిగించు పనిముట్టు



నేడు నేను ప్రసంగింపబోవు వస్తువు అఱచేతిలో నిముడునంత చిన్నది. వెల స్వల్పము. పేరు ప్రసిద్ధము కాదు. అయినను మన పొలములలో నేడు నిలుచుచున్న సౌరఫలకముల భద్రత కొంతవఱకు దానిపై నాధారపడియున్నది. 2019వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము పి.ఎం. కుసుమ్ అను పథకము నారంభించిన పిదప, ఎండనుండి విద్యుత్తును పుట్టించి బావి మోటారును నడపు ఫలకములు పల్లెలలో తఱచుగా కానవచ్చుచున్నవి. ఒక్కొక్క ఫలకము సాధారణముగా 20 కిలోగ్రాములకు పైబడిన బరువు గలది. అవి లోహపు చట్రములపై నిలుచును. ఆ చట్రములను కూర్చునవి మరలు. మోటారు చెడినచో మేస్త్రీని పిలుతుము. ఫలకము పగిలినచో అమ్మినవారికి కబురంపుదుము. మర వదులైనచో మాత్రము చూచువారుండరు. దానిని మొదట కనిపెట్టునది పెనుగాలియే.

మర యననేమో మీ రెఱుగనిది కాదు. ప్రయాణములలో మంచినీళ్లకై మరచెంబు వాడుట మన పెద్దల యాచారము. దాని మూతను కుడివైపునకు త్రిప్పినకొలది క్రిందికి దిగి బిగియును. ఎడమవైపునకు త్రిప్పినచో పైకి లేచి ఊడివచ్చును. మూతలోపలను, చెంబు మెడచుట్టును ఏటవాలుగా పోవు గట్లే దీనికి కారణము. ఒక కాగితమును త్రికోణముగా కత్తిరించి పెన్సిలునకు చుట్టి చూడుడు. ఏటవాలు అంచు మెట్టుమెట్టుగా పైకి ప్రాకును. తిరుమల కొండకు బండ్లు నిట్టనిలువుగా ఎక్కజాలవు. కావున బాటను మలుపులు త్రిప్పి వేసిరి. మర కూడ అట్టి కొండబాటయే. సీలచుట్టు చుట్టబడిన కొండబాట యని తలపవచ్చును. సీలకు బోల్టనియు, దానికి జత యగు రంధ్రముగల తునుకకు నట్టనియు నేటి వాడుక.

ఇక చానలును గూర్చి చెప్పెదను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో మిషిగన్ రాష్ట్రమందలి వేన్ అను ఊర, చార్లెస్ ఆట్‌వుడ్ అను వాస్తుశిల్పి 1924లో ఒక చట్రపు విధానమును నెలకొల్పెను. దానికి యూనిస్ట్రట్ అని పేరు. ఉక్కురేకును మూడుప్రక్కల గోడలుగా వంచి, నాల్గవప్రక్కను తెఱచి యుంచి, ఆ తెఱపి యొక్క రెండంచులను మరల లోనికి మడిచిన పొడుగాటి కడ్డీయే యిది. చూచుటకు చిన్న పంటకాలువవలె నుండును. మిక్కిలి వాడుకలోనున్న చానలు వెడల్పు 41 మిల్లీమీటర్లు. దాని తెఱపి, అనగా నోరు, 22 మిల్లీమీటర్లు. లోనికి మడిచిన అంచులను పెదవులందము. ఇందలి గొప్పతన మేమనగా, రంధ్రములు తొలువవలసిన పని లేదు, అతుకు వేయవలసిన పని లేదు. చానలు నిడివిలో నెచట కావలసిన నచట నట్టును నిలిపి బోల్టు బిగింపవచ్చును. అక్కఱ తీరిన పిదప విప్పి వేఱొకచోట మరల వాడుకొనవచ్చును. ఆసుపత్రులలోను, కర్మాగారములలోను విద్యుత్తు తీగలను, గొట్టములను మోయుటకు ఇట్టి చానళ్లనే వాడుదురు. సౌరఫలకముల చట్రములలో కొన్ని ఈ పద్ధతివే.

నోరు 22 మిల్లీమీటర్లే యైనపుడు, ఆ నోటినుండి ఊడిరాని నట్టు లోపలికెట్లు పోవును? ఇందలి కిటుకు మన యిండ్లలోనిదే. ఇఱుకు వాకిట నులకమంచమును పొడవుగా దూర్చి, గదిలోపల అడ్డముగా త్రిప్పితిమేని, అట్లే వెనుకకు లాగినచో అది ద్వారబంధమునకు తగిలి నిలిచిపోవును. చానలు నట్టు కూడ అట్టిదే. అది గుండ్రనిది కాదు. వెడల్పు నోటికంటె కొంచెము తక్కువ, పొడవు నోటికంటె ఎక్కువ. పొడవుగా లోనికి నొక్కి, కుడివైపునకు పావుచుట్టు త్రిప్పవలెను. ఎదురెదురు మూలలు రెండు గుండ్రముగా చేయబడి యుండుటచేత పావుచుట్టు సులువుగా తిరిగి, ఆపై గోడలకు తగిలి ఆగిపోవును. నట్టు ముఖముమీద రెండు గాడులుండును. వానిలో పండ్లుండును. బోల్టు బిగించినకొలది నట్టు ముందునకు లాగబడి, ఆ పండ్లు పెదవులను కఱచి పట్టును. అంతట లోపలినుండి నట్టును, వెలుపలినుండి పట్టీయును ఒత్తగా, పెదవులు నడుమ చిక్కి కట్టు గట్టిపడును.

ఈ పావుచుట్టును వ్రేళ్లతో త్రిప్పుట చెప్పినంత తేలిక కాదు. నోరు ఇఱుకు, అంచు వాడి. లోతైన చానలులో వ్రేలు దూఱదు, దూఱినను కోసికొనును. నట్టు వెనుక స్ప్రింగున్నచో అది నట్టును పెదవులవైపు నెట్టి యుంచి జాఱనీయదు గాని, త్రిప్పునపుడు దానిని అదిమిపట్టవలెను. స్ప్రింగు లేని నట్టు నిలువు చానలులో వదలినంతనే అడుగునకు పడిపోవును. కప్పుకు తగిలించిన చానలులోనైతే ముఖముమీదికే రాలును. ఈ కష్టమును తీర్చుటకే చేతి పనిముట్టు కల్పింపబడినది. ఒక పిడి, పిడికి పొడుగాటి మెడ, మెడకొనను నట్టును పట్టుకొను నోరు లేక రంధ్రములో దూఱు మొన. ఇంతియే దాని స్వరూపము. నట్టును దాని కొనకు తగిలించి, చానలు నిడివికి సరిగా లోనికి త్రోసి, అదిమి, కుడివైపు పావుచుట్టు త్రిప్పి వెనుకకు తీసినచో నట్టు తన స్థానమున నిలుచును. వ్రేళ్లు చానలు వెలుపలనే యుండును.

ఆ పనిముట్టు దొరకనిచోట నేర్పరులగు పనివారు ఒక పొడుగు బోల్టును నట్టు రంధ్రములో రెండుచుట్లెక్కించి, దానినే పిడిగా వాడుదురు. ఇది మంచి యుపాయమే. స్క్రూడ్రైవరుతో పొడిచి త్రిప్పుట మాత్రము తగదు. అది జాఱి చేతికి తగులును. తుత్తునాగపు పూతను గీఱి త్రుప్పునకు దారి తీయును.

తీయునపుడు క్రమము తలక్రిందగును. స్ప్రింగు లేని నట్టు నిలువు చానలులో నున్నచో, బోల్టు విప్పుటకు ముందే నట్టు దిగువను గుడ్డయుండను క్రుక్కవలెను. లేనిచో నట్టు చానలు గర్భములో పడి దొరకదు. పిదప ఆ కట్టు మోయుచున్న బరువును వేఱొకరు పట్టుకొనగా, బోల్టు విప్పి పట్టీని తొలగింపవలెను. అటుపిమ్మట పనిముట్టును నట్టు రంధ్రమున నిలిపి, పండ్లు పెదవులను వదలునట్లు లోనికి నెట్టి, ఎడమవైపు పావుచుట్టు త్రిప్పి బయటికి తీయవలెను.

నట్టు నిలిచిన పిమ్మట బోల్టును బిగించు పని పానాది. బోల్టును మొదట చేతితోనే కొన్నిచుట్లు త్రిప్పవలెను. చేతికి సాగనిచో మర వక్రముగా పట్టినదని గాని, కొలత వేఱని గాని యెఱుగవలెను. 10 మిల్లీమీటర్ల బోల్టు సాధారణముగా ఒకచుట్టునకు 1.5 మిల్లీమీటర్లు ముందుకు పోవును. 20 సెంటీమీటర్ల పానా పట్టిన చేయి ఆ ఒకచుట్టులో ఇంచుమించు 125 సెంటీమీటర్లు తిరుగును. లెక్కప్రకారము మన బలము ఎనిమిదివందల రెట్లు మీఱవలెను. కాని అందు సుమారు తొమ్మిదిపాళ్లు రాపిడి తినివేయును. ఒకపాలు మాత్రమే బిగింపుగా మిగులును. అదియు ఎనుబది రెట్లకు తగ్గదు. ఆ రాపిడి వృథా యని తలపకుడు. బిగించిన మర తనంతట తాను విడిపోకుండ కాపాడునది ఆ రాపిడియే.

కావున బిగింపునకు కొలత యవసరము. తక్కువైనచో కట్టు జాఱును. ఎక్కువైనచో మర తెగును, పెదవులు వంగును, ఫలకమును పట్టు బిళ్లక్రింద గాజు పగులును. తయారుచేసినవారు ఈ కొలతను న్యూటను మీటర్లలో తెలుపుదురు. 40 న్యూటను మీటర్లని యున్నచో, 20 సెంటీమీటర్ల పానా కొనను ఇంచుమించు 20 కిలోగ్రాముల బరువుతో నొక్కినట్లని గ్రహింపవలెను. కొలత చూపు పానాలు కలవు. అవి లేనిచోట, పానాకు గొట్టము తొడిగి పొడవు పెంచుటయు, సుత్తితో మోదుటయు మానవలెను. ఇంకొక మోసము కలదు. బోల్టు మితిమీఱి పొడవైనచో దాని కొన చానలు వెనుకగోడకు తగిలి ఆగిపోవును. పానా కదలదు గనుక బిగిసిన దనుకొందుము, కాని పట్టీ వదులుగానే యుండును. బోల్టు నట్టును దాటవలెను, గోడను తాకరాదు.

కొలతలు కలిసిపోవుట మఱియొక యాపద. పూర్వము ఒక కార్ఖానా బోల్టు మఱియొక కార్ఖానా నట్టునకు సరిపోయెడిది కాదు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకెల్ల ఏకరీతి కొలతలను ప్రతిపాదించెను. అవి అంగుళపు కొలతలు. నేడు మన బజారులో మిల్లీమీటర్ల మరలు విరివియైనను, అంగుళపు మరలును దొరకుచునే యున్నవి. 10 మిల్లీమీటర్ల బోల్టును, మూడెనిమిదవ వంతుల అంగుళపు బోల్టును కంటికి కవలలవలె నుండును. ఒకదాని నట్టులో మఱియొకదానిని బలవంతముగా త్రిప్పినచో గట్లు రెంటియందును చెడును. పాత నట్టును చేతబట్టుకొనిపోయి, అంగడిలోనే చేతితో త్రిప్పి చూచి కొనుట మేలు.

ఇంత శ్రద్ధ యేల యందురేమో. గాలివేగము రెట్టింపైనచో దాని త్రోపు నాలుగురెట్లగును. వెడల్పైన ఫలకము తెరచాపవంటిది. ఒక మర వదులైనచో దాని భారము ప్రక్కమరపై పడును. అదియు వదులగును. చివరకు ఫలకమే లేచిపోవును. పైరు నీటికై యెదురుచూచు దినములలో మోటారు నిలిచినచో రైతునకు కలుగు నష్టము నేను చెప్పనక్కఱలేదు. ఎగిరిన ఫలకము మనుష్యులకును పశువులకును ప్రాణాపాయమే.

పెద్దలు చేయదగిన దిది. వైశాఖపు గాలిదుమారములకు ముందొకమాఱు, ఆశ్వయుజ కార్తికముల తుపానులకు ముందొకమాఱు చట్రమును చూపింపుడు. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు చాలునని స్థాలీపులాకన్యాయము. అది ఇచట చెల్లదు. ప్రతి మరయు వేఱువేఱుగా చూడదగినదే. సరిగా బిగించిన దినముననే బోల్టుమీదను పట్టీమీదను కలియునట్లు రంగుగీత యొకటి గీసియుంచినచో, తరువాత గీత విడినంతనే మర తిరిగినదని నేలనుండియే తెలియును. అల్యూమినియపు పట్టాలలో సుత్తితలవంటి తలగల బోల్టులుండును. వాని కొనమీద తఱచుగా ఒక గాటుండును. ఆ గాటు పట్టాకు అడ్డముగా నున్నచో తల లోపల తిరిగి పట్టినదని యర్థము. పట్టా వెంబడి నిలువుగా నున్నచో అది పట్టలేదు, లాగిన ఊడివచ్చును.

ఎండయున్నంతసేపు ఫలకములలో విద్యుత్తు పుట్టుచునే యుండును. మీట కట్టినంతమాత్రమున అది యాగదు. కావున తీగల జోలికి పోరాదు. భూమికి కలిపిన తీగ బిగించిన మరను విప్పరాదు. ఒప్పందకాలమున అమ్మినవారికి తెలియజేసి వారిచేతనే సరిచేయించుట ధర్మము. ఆ వచ్చిన పనివాడు సరియైన పానాయు, చానలు పనిముట్టును తెచ్చినాడో, పట్టుకారు సుత్తులతోనే వచ్చినాడో చూచుట మాత్రము మీ వంతు.

గ్రామమునకొక పనిముట్ల పెట్టె యుంచి, శ్రద్ధగల యువకునకొకనికి దానిని అప్పగింపుడు. నాగలికఱ్ఱుకు పదును చూచుకొన్న కన్నులు, బండిసీల ఊడకుండ కనిపెట్టిన కన్నులు మీవి. ఈ క్రొత్త చట్రపు మరలపై కూడ ఆ చూపు ప్రసరించినచో మన పొలములకు క్షేమము.