చిన్న డిజిటల్ కెమేరా మొరాయిస్తే

మన క్యాసంబళ్ళి ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కేజీఎఫ్ బజారుకు పోతే తమిళం కూడా మాట్లాడుకుంటాం. కానీ కెమేరా తెరమీద వచ్చే హెచ్చరిక మాత్రం సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది. అది అర్థంకాక, కంగారులో ఏదో ఒక బటన్ నొక్కడంవల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది. కాబట్టి జేబులో పట్టే డిజిటల్ కెమేరాకు మామూలుగా వచ్చే జబ్బులేమిటో, వాటికి మనం ఇంట్లో చేసుకోగల చికిత్స ఏమిటో ఈనాడు తెలుసుకుందాం.

ఫోనులోనే ఫొటోలు తీస్తున్నాం కదా, ఈ పాత కెమేరాల గొడవ ఎందుకని మీరడగవచ్చు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. ఆ తర్వాతి పదేళ్ళలోనే ఈ చిన్న కెమేరాలు మన ఇళ్ళలోకి వచ్చాయి. ఆనాటి పెళ్ళిళ్ళు, జాతరలు, ఇప్పుడు మన మధ్య లేని పెద్దల ముఖాలు ఎన్నో ఆ కార్డుల్లోనే ఉండిపోయి, బీరువాలో మూలపడి ఉన్నాయి. వాటిని కాపాడుకోవడం అవసరమే కదా!

మొదటిది బ్యాటరీ. కెమేరా అసలు ఆన్ కాకపోతే ముందుగా అనుమానించవలసింది దీన్నే. పెన్సిల్ సెల్లులు వేసే కెమేరా అయితే, గడియారానికి వేసే చవక సెల్లులు దానికి చాలవు. లెన్సు బయటికి రావడానికి, ఫ్లాష్ వెలగడానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. తిరిగి చార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు ఇందుకు తగినవి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని వాడకండి, చార్జికి పెట్టకండి. ఎక్కువ రోజులు వాడనప్పుడు సెల్లులు తీసి విడిగా ఉంచండి.

రెండవది లెన్సు సగంలో ఇరుక్కుపోవడం. మన దగ్గర గాలి లేచిందంటే సయనైడ్ దిబ్బల సన్నని దుమ్ము ఎంత దూరం ఎగిరి వస్తుందో మీకు తెలుసు. అటువంటి దుమ్ము లెన్సు గొట్టాల మధ్య చేరితే అది కదలదు. కెమేరా ఆపి, బ్యాటరీ తీసి, కాసేపు ఉంచండి. రబ్బరు బుడ్డితో లెన్సు చుట్టూ గాలి కొట్టండి. నోటితో ఊదితే తేమ చేరుతుంది. తర్వాత పూర్తిగా చార్జి చేసిన బ్యాటరీ వేసి చూడండి. చేత్తో బలంగా లాగితే లోపలి పళ్ళచక్రాలు విరుగుతాయి. స్క్రూలు విప్పి లోపల చూడాలని మాత్రం ప్రయత్నించకండి. ఫ్లాష్ కోసం లోపల ఉండే కెపాసిటరులో సుమారు 300 వోల్టులు నిలవ ఉండవచ్చు. బ్యాటరీ తీసినా అది షాక్ కొడుతుంది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మెమరీ కార్డు. కార్డు లాక్ అయిందని కెమేరా చెబితే, కార్డు పక్కనున్న చిన్న మీటను పైకి జరిపితే సరిపోతుంది. కొత్త కార్డును పాత కెమేరా గుర్తించకపోతే అది కార్డు తప్పు కాకపోవచ్చు. 2006కు ముందు వచ్చిన చాలా కెమేరాలు 2 జీబీకి మించిన కార్డును చదవలేవు.

పాత ఫొటోలున్న కార్డు పెట్టగానే "ఫార్మాట్ చేయమంటారా?" అని కెమేరా అడిగితే, ఒప్పుకోకండి. కార్డు తీసి కంప్యూటరులో పెట్టి చూడండి. పొరపాటున ఫొటోలు చెరిపేసినా వెంటనే ఆశ వదులుకోనక్కరలేదు. బడి హాజరు పట్టీలో ఒక పిల్లవాని పేరు కొట్టేశామనుకోండి. పేరు పోయినా పిల్లవాడు బెంచీమీదే ఉంటాడు. అదే చోట ఇంకొకరిని కూర్చోబెడితేనే అతడు లేచిపోవాలి. కార్డులో కూడా సాధారణంగా అంతే. కనుక ఆ కార్డుతో ఇంకొక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టండి. ఫొటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో చాలాసార్లు వాటిని తిరిగి రాబట్టవచ్చు. రాబట్టినవాటిని అదే కార్డులో కాక, వేరేచోట దాచాలి.

ఇక బొమ్మలు మసకగా వస్తుంటే, బటన్‌ను ఒకేసారి నొక్కక, సగం నొక్కి ఆగండి. కెమేరా దూరాన్ని సరిచూసుకుంటుంది. అప్పుడు పూర్తిగా నొక్కండి. తెరమీద పువ్వు గుర్తు ఉంటే అది దగ్గరి వస్తువులకు. మనుషులను తీసేటప్పుడు దాన్ని తీసేయండి. రాత్రి పెళ్ళిపందిట్లో ఫ్లాష్ వెలుగు సుమారు పది అడుగులే చక్కగా అందుతుంది, కాబట్టి దగ్గరికి వెళ్ళి తీయండి. ఫొటోలో తెల్లని గుండ్రని మచ్చలు పడితే దెయ్యమని భయపడవద్దు. లెన్సు ముందున్న దుమ్ముకణాలపై ఫ్లాష్ వెలుగు పడి అలా కనిపిస్తాయి.

చివరగా ఒక్క మాట. కెమేరా పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. అవ్వ, తాతల బొమ్మలు మళ్ళీ తీయలేం. కనుక ఈ ఆదివారం బీరువాలోని కార్డు బయటికి తీయండి. అందులోని ఫొటోలను రెండుచోట్ల నకలు చేయండి. ముఖ్యమైన నాలుగింటిని అచ్చు వేయించి, వెనుక పేరు, సంవత్సరం రాసి పెట్టండి.