మధురపూడికి మూడు పాయల దారి

విమానాశ్రయానికీ ప్రజారవాణాకూ ఉన్న సంబంధాన్ని సాధారణంగా మహానగరాల కొలతతోనే చూస్తారు. హైదరాబాదు విమానాశ్రయం 2008లో శంషాబాదుకు తరలినప్పుడు నగరానికీ దానికీ మధ్య పెరిగిన దూరాన్ని పూడ్చే పని ఆర్టీసీ మీద పడింది. పుష్పక్ అనే ప్రత్యేక బస్సులు అలాగే వచ్చాయి. గోదావరి డెల్టాలో అటువంటి ఒక్క మహానగరం లేదు. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, తణుకు, భీమవరం, పాలకొల్లు, నరసాపురం పట్టణాలూ, వాటి నడుమ కాలువగట్ల వెంట ఒకదానికొకటి ఆనుకుని సాగే ఊళ్ళూ కలిసి ఒక విశాలమైన జనావాసంగా ఏర్పడ్డాయి గనుక, ఇక్కడి విమానాశ్రయం ఒక నగరానికి కాక ఒక నదీముఖ ప్రాంతానికి సేవ చేయవలసి ఉన్నది.

ఆ విమానాశ్రయం రాజమహేంద్రవరానికి ఉత్తరాన, సుమారు 18 కిలోమీటర్ల దూరంలో, కోరుకొండ వైపు మెట్టప్రాంతంలోని మధురపూడి వద్ద ఉన్నది. పునాది బ్రిటిష్ పాలనాకాలం నాటిది. వరిచేలూ కొబ్బరితోటలూ కాలువలూ నిండిన పల్లపు భూమి కంటె నీరు నిలవని గట్టినేల విమానాలు దిగడానికి అనుకూలమన్న మాట నిజమే. అయితే ఆ అనుకూలత వల్లనే అది డెల్టా జనానికి దూరమైన కొసన నిలిచింది.

విమానం పరుగుతీసి పైకి లేవడానికీ, దిగి ఆగడానికీ వాడే బాటను రన్‌వే అంటారు. మధురపూడి రన్‌వే చాలాకాలం 1,749 మీటర్లే ఉండడంతో, రెక్కల మీద పంకాలు తిరిగే, 70 మందికి కాస్త పైగా పట్టే ఏటీఆర్ రకం చిన్న విమానాలే ఇక్కడికి వచ్చేవి. పెద్ద జెట్ విమానం నిండు ఇంధనంతో, నిండు ప్రయాణికులతో లేవాలంటే మరింత పరుగు కావాలి. పైగా వేసవి ఎండకు గాలి పలచబడినప్పుడు ఆ పరుగు ఇంకా పెరుగుతుంది. అందుకే రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించారు. 2023 డిసెంబరులో కొత్త టెర్మినల్, అంటే ప్రయాణికుల భవనం, విస్తరణకు శంకుస్థాపన జరిగింది. 2024 డిసెంబరులో ఇండిగో సంస్థ ముంబయికీ, ఢిల్లీకీ నేరుగా ఎయిర్‌బస్ విమానాలు ప్రారంభించింది.

ఆకాశమార్గం ఇలా సుగమమైంది కాని, అసలు చిక్కు నేల మీద, మరీ చెప్పాలంటే నీటి మీద ఉన్నది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ ఉన్న కోనసీమలో ప్రయాణకాలాన్ని నిర్ణయించేది కిలోమీటర్లు కాదు, వంతెనలు. అమలాపురం నుంచి బయలుదేరినవారు రావులపాలెం చేరి, జొన్నాడ వద్ద గౌతమిని దాటి, రాజమహేంద్రవరాన్ని కూడా దాటుకుని ఉత్తరానికి పోవాలి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠను దాటడానికి వాహనాలనూ మనుషులనూ కలిపి ఎక్కించుకునే పంటు నడుస్తుంది. ఏటిలో నీరు పెరిగితే అదీ ఆగుతుంది. ఇటువంటి సీమలో గంటంబావు విమానప్రయాణానికి అంతకు రెట్టింపు కాలం రోడ్డు మీద గడిచిపోవడంలో వింత లేదు.

రాజమహేంద్రవరం నగరంలోని బస్సు ఏర్పాటు కూడా పాత రాకపోకల రూపాన్నే నిలుపుకున్నది. ఆర్టీసీ కాంప్లెక్స్, కోటిపల్లి బస్టాండ్, గోకవరం బస్టాండ్ అనే మూడింటిలో చివరి రెండింటి పేర్లే బస్సులు ఏ దిక్కుకు పోయేవో చెబుతాయి. పల్లెల నుంచి పట్టణానికి వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్ళే జనానికి ఈ అమరిక చక్కగా సరిపోయింది. విమానప్రయాణికుని అవసరం వేరు: అతనికి సామానుతో బస్సు మారనక్కరలేని దారి కావాలి, ఆ బస్సు విమానం వేళను అనుసరించాలి. రావులపాలెం, తణుకు, కాకినాడల నుంచి విమానాల వేళకు తగినట్లు నేరు బస్సులను నిలకడగా నడపడం రన్‌వే పొడిగింపుతో పోలిస్తే స్వల్పవ్యయంతో తేలే పని. ప్రణాళికల్లో ఇటువంటి చిన్న పనులకే తరచు చోటు దొరకదు.

రైలు సంగతి మరింత విచిత్రమైనది. 1900లో హేవలాక్ వంతెన, 1974లో రోడ్డు-రైలు వంతెన, 1997లో ఆర్చి వంతెన ఏర్పడి, రాజమహేంద్రవరం వద్ద అఖండగోదావరి మీద రైలు మూడుసార్లు తన దారిని పటిష్ఠం చేసుకున్నది. దిగువ పాయల విషయం అలా జరగలేదు. కాకినాడ, కోటిపల్లి మధ్య 1928లో వేసిన మార్గాన్ని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పట్టాలు పెరికి మూసివేశారు; తిరిగి తెరిచింది 2004లో. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం చేరవలసిన 57 కిలోమీటర్ల మార్గం గౌతమి, వైనతేయ, వశిష్ఠల మీద మూడు పెద్ద వంతెనలను కోరుతుంది. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి కాలంలో మంజూరై దశాబ్దాలుగా సాగుతున్న ఆ మార్గం పూర్తయితే కోనసీమకు కాకినాడతోనూ, భీమవరంతోనూ రైలు సంబంధం కుదురుతుంది. అది రాజమహేంద్రవరాన్ని మాత్రం తాకదు. కాబట్టి పట్టాలు పడిన తర్వాత కూడా అమలాపురంవాసి మధురపూడిలో విమానం ఎక్కాలంటే జొన్నాడ వంతెన మీదుగా పోయే బస్సు మీదనే ఆధారపడవలసి ఉంటుంది.